నలభై రెండేళ్ల వయసులో బ్యాంకు ఉద్యోగం వదిలి పాటల రచయిత కావచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఎంఏ ఎకనామిక్స్ చేశారు. పదహారేళ్లుగా ప్రైవేటు బ్యాంకులో రిస్క్ విభాగంలో ఉన్నారు. వయసు 42, ఇద్దరు పిల్లలు, ఇంటి లోన్ ఇంకా ఏడేళ్లు ఉంది. కాలేజీ రోజుల నుంచి పాటలు రాస్తున్నారు. ఈమధ్య ఒక సంగీత దర్శకుడు మీ పాట విని "బాగుంది, ఇంకా రాయండి" అన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు. ఉద్యోగం మానేసి హైదరాబాద్ వచ్చేయాలా, రిటైరయ్యాక చూసుకుందామని ఊరుకోవాలా? ఇన్నేళ్లు నేర్చుకున్న ఎకనామిక్స్ అంతా వృథా అయిపోయినట్టేనా?

ముందు జవాబు చెప్పేస్తాను. ఇప్పుడే మానేయకండి, అరవై వచ్చేదాకా ఆగనూ వద్దు. ఇంటి లోన్ తీరాలి, మూడేళ్ల ఇంటి ఖర్చు విడిగా పక్కన ఉండాలి, బాణీకి రాసిన పాటలు కనీసం నలభై మీ చేతిలో ఉండాలి. ఈ మూడూ కుదిరిన రోజు ధైర్యంగా రాజీనామా ఇవ్వండి. మీరు చెప్పిన జీతం, అప్పు చూస్తే నాలుగైదేళ్లు పడుతుంది. అప్పటికి మీకు 47. నేను మానేసినప్పుడు నాకు 49. ఎకనామిక్స్ సంగతి అంటారా, నా పాటల్లో నాకు బాగా నచ్చినవన్నీ ఆ ఉద్యోగంలో విన్న మాటల్లోంచి పుట్టినవే.

నా గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే ఈ సలహాకి బరువు ఉండదు. 1989లో ఆంధ్రా యూనివర్సిటీలో ఎంఏ పూర్తిచేసి ఒక ప్రభుత్వ రంగ బ్యాంకులో ఎకనమిస్ట్ ఆఫీసర్‌గా చేరాను. మొదటి మూడేళ్లు గుంటూరు జిల్లాలో గ్రామీణ రుణాల సర్వేలు. తర్వాత బొంబాయిలో పరిశోధన విభాగం, ఆ తర్వాత బాండ్లు, విదేశీ డబ్బు కొని అమ్మే ట్రెజరీ. చివరి ఆరేళ్లు ప్లానింగ్ విభాగంలో, అంటే రాబోయే రోజులు ఎలా ఉండవచ్చో ఆలోచించి బ్యాంకుని సిద్ధం చేసే పని. 2014లో పాతికేళ్ల సర్వీసు పూర్తి కాగానే వీఆర్ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) తీసుకుని హైదరాబాద్ వచ్చేశాను. ఇప్పటిదాకా నూట అరవై పాటలు రాశాను. అందులో సినిమా పాటలు పంతొమ్మిది. మిగతావి ప్రైవేటు పాటలు, భక్తి పాటలు, సీరియల్ టైటిల్స్, బడి పిల్లల పాటలు.

ఒక తేడా మొదటే చెప్పాలి, ఎందుకంటే నన్ను చూసి మీరు లెక్క తప్పకూడదు. నాకు బ్యాంకు పెన్షన్ ఉంది. 2010 ఏప్రిల్‌కి ముందు ప్రభుత్వ రంగ బ్యాంకుల్లో చేరినవాళ్లకి పాత పెన్షన్ పథకం వర్తించేది. ఇరవై ఏళ్లు నిండితే స్వచ్ఛందంగా తప్పుకున్నా అది వస్తుంది. మా ఇంటి ఖర్చులో సగానికి పైగా దానితోనే గడిచేది. మీకు ఆ ఆధారం లేదు. ఈపీఎఫ్ పెన్షన్ వస్తుంది కానీ పూర్తిగా రావాలంటే 58 నిండాలి, అదీ చిన్న మొత్తమే. అందుకే మీకు మూడేళ్ల నిధి తప్పనిసరి అంటున్నాను.

మూడేళ్లే ఎందుకు?

మొదటి ఏడాది మిమ్మల్ని ఎవరూ పిలవరు. నేను ఉద్యోగం మానేశాక డబ్బు వచ్చిన మొదటి పాట పద్నాలుగు నెలలకి దొరికింది. అంతవరకు రోజూ ఏదో ఒక స్టూడియో మెట్లెక్కడం, కూర్చోవడం, టీ తాగి రావడం. రెండో ఏడాది నలుగురికి మీ పేరు తెలుస్తుంది. ఎవరికో రచయిత ఊర్లో లేకపోతే, రాత్రికి రాత్రి పాట కావాలంటే మీకు ఫోన్ వస్తుంది. మూడో ఏడాదికి గానీ "ఈయన చేత రాయిద్దాం" అని ముందే అనుకునేవాళ్లు తయారవరు. నాకు తెలిసిన రచయితల్లో చాలామందిది ఇదే వరస. ఈ మూడేళ్లలో ఇంటి అద్దె గురించి టెన్షన్ ఉంటే ఏ పాట పడితే ఆ పాట, ఎంత ఇస్తే అంతకి ఒప్పేసుకుంటాం. అలా ఒప్పుకున్న పాటలే మన పేరు మీద మిగిలిపోతాయి.

ఆ మూడేళ్ల డబ్బు షేర్లలో పెట్టకండి. మీది రిస్క్ విభాగం, ఎందుకో మీకు తెలుసు. అయినా మనం బ్యాంకుకి చెప్పేది ఇంట్లో పాటించం. 2008 జనవరిలో సెన్సెక్స్ 21,000 దాకా వెళ్లింది, అదే ఏడాది అక్టోబర్‌లో 8,000 కిందికి వచ్చింది. ఆ మధ్యలో ఉద్యోగం మానేసిన మిత్రుడు ఒకాయన ప్రతి నెలా ఇంటి ఖర్చుకి తక్కువ ధరలో షేర్లు అమ్ముకుంటూ పోయాడు. మార్కెట్ తర్వాత కోలుకుంది కానీ అప్పటికి ఆయన దగ్గర కోలుకోవడానికి షేర్లు మిగల్లేదు. మొదటి మూడేళ్ల ఖర్చు ఫిక్స్‌డ్ డిపాజిట్లలో, నెలనెలా తీసుకునేలా ఉంచండి. పిల్లల చదువు, ముసలితనం కోసం దాచింది వేరే. దాని జోలికి వెళ్లకూడదు.

ఆరోగ్య బీమా ఇంకో ముఖ్యమైన సంగతి. ఇప్పుడు మీకు ఉన్నది ఆఫీసు ఇచ్చిన గ్రూప్ పాలసీ. ఉద్యోగం మానేస్తే అదీ పోతుంది. సొంత పాలసీ ఇవాళే తీసుకోండి. ముందు నుంచి ఉన్న జబ్బులకి మూడేళ్ల వరకు వేచి ఉండాల్సి రావచ్చు. ఉద్యోగంలో ఉండగానే ఆ మూడేళ్లు గడిచిపోతే మానేసే నాటికి పాలసీ పూర్తిగా పనికొస్తుంది.

భవిష్యత్తుని ఒకటిగా చూడకండి

ఇది నేను చాలా దెబ్బ తిని నేర్చుకున్న విషయం. 2008 జూలైలో ముడి చమురు బ్యారెల్ 147 డాలర్లు తాకింది. ఆ నెలలో నేను ఒక నోట్ రాశాను: ఈ ఆర్థిక సంవత్సరమంతా ధర 120 డాలర్ల పైనే ఉంటుంది, వడ్డీలు దిగవు అని. పట్టికలు, గ్రాఫులు, అన్నీ పెట్టాను. సెప్టెంబర్ 15న అమెరికాలో లేమన్ బ్రదర్స్ అనే పెద్ద బ్యాంకు కుప్పకూలింది. డిసెంబర్‌కి చమురు 40 డాలర్ల కింద ఉంది. అక్టోబర్‌లో 9 శాతం ఉన్న రెపో రేటు (బ్యాంకులకి రిజర్వ్ బ్యాంకు ఇచ్చే అప్పు మీద వడ్డీ) 2009 ఏప్రిల్‌కి 4.75 శాతానికి వచ్చింది. నా నోట్‌ని నమ్మి నిర్ణయాలు తీసుకున్నవాళ్ల ముఖం చూడలేకపోయాను. నా లెక్కల్లో కూడిక తప్పు లేదు. రేపు ఒక్కటే ఉంటుంది, దాన్ని ముందే చెప్పగలను అనుకోవడంలో ఉంది తప్పు.

ఆ తర్వాతే నేను ప్లానింగ్ విభాగానికి అడిగి వెళ్లాను. అక్కడ 'సినారియో ప్లానింగ్' నేర్చుకున్నాను, అంటే రేపు ఇలా ఉండవచ్చు, అలా ఉండవచ్చు అని కొన్ని కథలుగా రాసుకుని, ప్రతిదానికీ సిద్ధపడే పద్ధతి. దీన్ని వ్యాపార సంస్థల్లో గట్టిగా నాటినవాడు పియర్ వాక్ అనే ఫ్రెంచి దేశస్థుడు. షెల్ చమురు కంపెనీలో పనిచేసేవాడు. 1970ల మొదట్లో, చమురు ధర ఎప్పటికీ ఇలాగే ఉంటుందని అందరూ అనుకుంటున్న రోజుల్లో, ఆయన బృందం కంపెనీ పెద్దల ముందు వేరు వేరు కథలు పెట్టింది. 1973లో అరబ్ దేశాలు చమురు బిగించి ధర నాలుగింతలైనప్పుడు, ఆ కథ ముందే విని ఉన్న షెల్ మిగతా కంపెనీల కంటే త్వరగా తేరుకుంది. వాక్ చెప్పిన ఒక పోలిక మన దేశానిదే. గంగానది పైభాగంలో పెద్ద వర్షాలు పడితే రెండు రోజుల్లో రిషికేశ్‌లో, ఆ తర్వాత అలహాబాద్‌లో, ఆ తర్వాత కాశీలో వరద వస్తుందని తెలిసిపోతుంది. అది జోస్యం కాదు, పైన పడిపోయిన వాన. భవిష్యత్తులో ఇలాంటివి కొన్ని ఉంటాయి, వాటిని ముందు విడదీయాలి. మిగిలినవి నిజంగా తెలియనివి, వాటికి ఒకటికి నాలుగు కథలు రాసుకోవాలి.

మనవాళ్లకి ఇది గోదావరితో చెబితే ఇంకా బాగా తెలుస్తుంది. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఏ హెచ్చరికకి ఏం చేయాలో ముందే రాసి ఉంటుంది. ఆ మట్టం చూసి కింద ధవళేశ్వరంలో, లంక గ్రామాల్లో సర్దుకోవడం మొదలవుతుంది. వరద ముంచుకొచ్చాక కూర్చుని ఆలోచించే పని ఉండదు.

ఒక్క భవిష్యత్తునే నమ్ముకున్న ప్రణాళికలు ఎలా అవుతాయో మన రాష్ట్రమే చూసింది. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 'విజన్ 2020' ప్రకటించింది. అందులో మంచి ఆలోచనలు ఉన్నాయి, నేను శ్రద్ధగా చదివాను. కానీ 2020 వచ్చేసరికి ఆ పత్రం ఎవరి కోసం రాశారో ఆ రాష్ట్రం రెండై ఆరేళ్లయింది.

పద్ధతి పనిచేస్తుందా అంటే, నా అనుభవంలో ఒకసారి బాగా చేసింది. 2013 మొదట్లో మా విభాగం నాలుగు కథలు రాసింది. ఒకటి, విదేశీ డబ్బు వెనక్కి వెళ్లి రూపాయి పడిపోయే కథ. ఎప్పుడు జరుగుతుందో రాయలేదు, జరిగితే ట్రెజరీ ఏం చేయాలో ఒక పేజీలో రాశాం. అప్పటి మా పై అధికారి "సంభావ్యత ఎంత శాతం?" అని మూడుసార్లు అడిగారు. చెప్పలేను, కానీ జరిగితే తట్టుకోగలమా అన్నది చూడండి అన్నాను. జూలై 15 సాయంత్రం రిజర్వ్ బ్యాంకు ఎంఎస్ఎఫ్ రేటుని (బ్యాంకులు అవసరానికి తన దగ్గర ఒక్క రాత్రికి తీసుకునే అప్పు మీద వడ్డీని) 8.25 నుంచి ఒక్కసారిగా 10.25 శాతానికి పెంచింది. మర్నాడు పొద్దున బాండ్ల ధరలు పడిపోతున్నప్పుడు మావాళ్లు ఆ పేజీ తీసి బల్ల మీద పెట్టుకున్నారు. నష్టం వచ్చింది, కానీ కంగారు లేదు. ఆగస్టు చివర డాలర్ 68 రూపాయలు దాటింది. ఆ పేజీలోని పనులు అప్పటికి చాలావరకు అయిపోయాయి.

నా ఇంటికి రాసుకున్న నాలుగు కథలు

మానేయడానికి రెండేళ్ల ముందు మా ఆవిడా నేనూ ఒక ఆదివారం కూర్చుని ఇదే పని ఇంటికి చేశాం. ముందు 'పైన పడిపోయిన వాన' రాశాం. మా అమ్మాయి ఏ ఏడాది ఇంజనీరింగ్‌లో చేరుతుందో తెలుసు. నాన్నగారికి 78 ఏళ్లు, గుండె బలహీనం. ధరలు పెరుగుతాయి, ఏడాదికి ఆరు శాతం చొప్పున పెరిగితే పన్నెండేళ్లలో ఖర్చు రెట్టింపు. ఇవన్నీ వచ్చి తీరేవే.

తెలియనివి రెండే అనిపించాయి. పాటలకి పిలుపులు వస్తాయా రావా? ఇల్లు నిలకడగా ఉంటుందా, పెద్ద ఖర్చు మీద పడుతుందా? రెండిటినీ కలిపితే నాలుగు కథలు. ఆవిడది రైతు కుటుంబం, పేర్లు ఆవిడే పెట్టింది. పాటలూ వచ్చి ఇల్లూ బాగుంటే 'నిండు చెరువు'. ఇల్లు బాగుండి పాటలు రాకపోతే 'మెట్ట సేద్యం'. పాటలు వస్తున్నా ఇంట్లో కష్టం వస్తే 'తుఫానులో కోత'. రెండూ లేకపోతే 'కరువు'. పేర్లు పెట్టడం చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ చాలా ఉపయోగం. తర్వాత ఎన్నో సార్లు "మనం ఇప్పుడు మెట్ట సేద్యంలో ఉన్నాం" అని ఒక్క మాటతో మాట్లాడుకోగలిగాం, గొడవ లేకుండా.

నిధికి భద్రాచలం లాగే మూడు హెచ్చరికలు పెట్టుకున్నాం. చేతిలో 24 నెలల ఖర్చుకి దిగితే మొదటిది: నెలకి రెండు రోజులు ఎక్కడైనా పాఠం చెప్పాలి. 18 నెలలకి దిగితే రెండోది: ఏదైనా ఆర్థిక నివేదికలు రాసే పార్ట్‌టైమ్ పని. 12 నెలలకి దిగితే మూడోది: మళ్లీ పూర్తికాలం ఉద్యోగం, పాటలు తెల్లవారుజామున.

2016లో నాన్నగారికి ఆపరేషన్ అయింది. అదే నవంబర్ 8న పెద్ద నోట్ల రద్దు, రావలసిన పేమెంట్లన్నీ ఆగిపోయాయి. మొదటి హెచ్చరిక వచ్చింది, బ్యాంకు అధికారుల శిక్షణ తరగతుల్లో పాఠాలు చెప్పడం మొదలుపెట్టాను. ఏడాదిన్నరకి మళ్లీ పైకి వచ్చాం. 2020లో లాక్‌డౌన్ వచ్చి రికార్డింగులు మొత్తం ఆగిపోయాయి. ఆ డిసెంబర్‌కి రెండో హెచ్చరిక. పార్ట్‌టైమ్ పని పట్టుకున్నాను. ఆ రెండు సార్లూ నాకు ఓడిపోయినట్టు అనిపించలేదు, ఎందుకంటే ఆ పని నేను ముందే ఒప్పుకుని రాసుకున్నదే. మీరు కూడా ఈ కాగితం భార్యతో కలిసి రాయండి, ఒక్కరే రాయకండి. ఆవిడ సంతకం లేని ప్రణాళిక మొదటి కష్టానికే చిరిగిపోతుంది.

మీ ప్రశ్నలో లేదు కానీ, పాటలు రాసే కంప్యూటర్ల గురించి కూడా మీ నాలుగు కథల్లో పెట్టుకోండి. సీరియల్ టైటిల్స్, యాడ్ పాటల లాంటి పనికి గిరాకీ తగ్గవచ్చు. తగ్గితే మీ ఆదాయంలో ఎంత పోతుందో ఇప్పుడే చూసుకోండి.

ఉద్యోగంలో ఉండగానే చేయవలసిన పని

నలభై పాటలు అన్నాను కదా. నోట్‌బుక్‌లో రాసుకున్న కవితలు లెక్కలోకి రావు. ఇవాళ సినిమా అయినా ప్రైవేటు అయినా ఎక్కువ పాటలకి ముందు బాణీ వస్తుంది, దాని మీద మాట రాయాలి. సంగీత దర్శకుడు ఫోన్‌లో 'లలలా' అని పాడి పంపుతాడు, లేదా డమ్మీ మాటలతో పంపుతాడు. దానికి సరిపడా మీరు రాయాలి, చాలాసార్లు మర్నాటికల్లా. ఇది వేరే విద్య. వారానికి ఒక బాణీ తీసుకుని రాయండి, మీరే పాడి రికార్డు చేసుకుని వినండి. ఏడాదికి యాభై అవుతాయి, అందులో పది నిలుస్తాయి. అంటే నాలుగేళ్లకి నలభై.

ఇక్కడే మన లెక్కల బుర్ర పనికొస్తుంది. బాణీ అంటే మాత్రల లెక్క. మాత్ర అంటే ఒక పొట్టి అక్షరం పలికేంత కాలం. లఘువుకి, అంటే పొట్టి అక్షరానికి, ఒకటి. గురువుకి, అంటే దీర్ఘం, సున్నా ఉన్నదానికీ ఒత్తుకి ముందున్నదానికీ, రెండు. నడక మూడు మాత్రలైతే తిశ్రం, నాలుగైతే చతురశ్రం, ఐదైతే ఖండం, ఏడైతే మిశ్రం. గురజాడ ముత్యాల సరం ఛందస్సు మూడు, నాలుగు కలిసిన మిశ్రగతి నడకే. నేను కొత్తలో బాణీని గళ్ల కాగితం మీద మాత్రలుగా వేసుకుని రాసేవాడిని. రెండేళ్లు అలా చేశాక చెవికే తెలిసిపోయింది.

కానీ లెక్క సరిపోతే పాట అయిపోదు. అది నాకు తెలిసిన రోజు చెబుతాను. 2015, కృష్ణానగర్‌లో ఒక చిన్న స్టూడియో. పది అడుగుల గది, గోడలకి గుడ్డ, ఏసీ చప్పుడు రికార్డులో వస్తుందని ఆపేశారు, మే నెల. వాగు దాటి హైస్కూలుకి వెళ్లే పిల్ల మీద పాట. పల్లవి బాణీ నాలుగు నాలుగుల నడక, లైనుకి పదహారు మాత్రలు. నేను రాసింది: "స్వప్నం నిండిన నయనం నీదీ." మాత్ర కూడా తేడా లేదు. పాడే అమ్మాయి మొదటి అక్షరం దగ్గరే ఆగిపోతోంది. బాణీ అక్కడ పైకి లేచి సాగాలి. 'స్వప్' అనగానే పెదవులు మూసుకుపోతున్నాయి, స్వరం సాగడానికి చోటు లేదు. సాగదీస్తే 'స్వా' అవుతోంది. నాలుగు టేకులు అయ్యాయి. సంగీత దర్శకుడు నాకంటే ఇరవై ఏళ్లు చిన్నవాడు, హెడ్‌ఫోన్ తీసి మెల్లగా అన్నాడు: "సార్, ఇక్కడ నోరు తెరుచుకునే మాట కావాలి. అయినా ఆ పిల్ల నయనం అంటుందా సార్?"

బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. ఇరవై నిమిషాలు పట్టింది. లోపలికి వెళ్లి చెప్పాను: "వాగే దాటిన అడుగే నీదీ." అవే పదహారు మాత్రలు, అదే గురు లఘువుల వరస. 'వా' దగ్గర అమ్మాయి గొంతు విప్పింది, ఒక్క టేక్‌లో అయిపోయింది. సందర్భం నాకు ముందే చెప్పారు, వాగు అందులోనే ఉంది. నేను దాన్ని వదిలేసి స్వప్నం కోసం వెళ్లాను. ఆ రోజు నుంచి నేను పాటించేవి రెండు. సాగే స్వరం దగ్గర ఆ, ఏ, ఓ లాంటి దీర్ఘం పెట్టాలి, ఒత్తులు పెట్టకూడదు. పాట పాడే మనిషి నోట్లో లేని మాట రాయకూడదు.

ఎకనామిక్స్ వృథా కాదు అన్నాను

1990 ఎండాకాలం. గుంటూరు జిల్లాలో ఒక ఊరు, పంట రుణాల సర్వే. ఫారంలో పదిహేడు కాలమ్స్. ఒక పెద్దావిడ కళ్లంలో మిరపకాయలు ఏరుతూ నాకు జవాబులు చెబుతోంది. ధర ఎందుకు గిట్టలేదని అడిగితే, చెయ్యి ఆపకుండానే అంది: "పచ్చిగా ఉన్నప్పుడు అందరూ బంగారం అన్నారయ్యా. ఎండినాకే కదా ధర తెలిసేది. పిల్ల పెళ్లి వచ్చే ఏటికి పెట్టుకున్నాం." నేను పద్నాలుగో కాలమ్‌లో 'వ్యయం వాయిదా' అని రాసుకున్నాను. ఆ ఘాటుకి కళ్లు మండుతూ ఉంటే తుడుచుకుంటూ రాసిన కాగితం అది. అలాంటి ఫారాలు మూడేళ్లలో వెయ్యికి పైగా నింపాను.

ఇరవై ఏడేళ్ల తర్వాత, ఒక జానపద ఆల్బమ్‌కి రైతు ఇంటి పాట కావాలంటే రాసిన పల్లవి ఇది: "పచ్చిగ ఉంటే బంగారన్నారు, ఎండినాక ఎరుపే మిగిలిందమ్మా." ఆ పాట నేను రాశానని చెప్పుకుంటాను కానీ సగం ఆవిడదే. మీరు కూడా పదహారేళ్లుగా మొండి బకాయిల ఫైళ్లు చూస్తున్నారు. ప్రతి ఫైలు వెనకా ఒక ఇల్లు, ఒక వాయిదా పడిన పెళ్లి, మూతపడిన ఒక కొట్టు ఉంటాయి. పేర్లు, వివరాలు బయటపెట్టకూడదు, అది మీకు చెప్పక్కర్లేదు. కానీ ఆ మనుషులు మాట్లాడిన తీరు గుర్తుంటే ఇవాళే ఒక పుస్తకంలో రాసుకోవడం మొదలుపెట్టండి. నాకు ఆ పుస్తకం లేదు, చాలా మాటలు పోయాయి. అది నాకు ఇప్పటికీ బాధే. ఉద్యోగం చేస్తూ పాటల్లోకి వచ్చినవాళ్లు మన దగ్గర ఎప్పుడూ ఉన్నారు. సినారె గారు ఉస్మానియాలో ప్రొఫెసర్‌గా ఉంటూ రాశారు, సిరివెన్నెల గారు టెలిఫోన్ శాఖలో పనిచేసి వచ్చారు.

కాగితాలు, హక్కులు

ఇది చాలామంది అడగరు, తర్వాత ఏడుస్తారు. ఉద్యోగంలో ఉండగా పాటకి డబ్బు తీసుకుంటే మీ బ్యాంకు నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోండి. అపాయింట్‌మెంట్ ఆర్డర్‌లో వేరే సంపాదన గురించి ఏం రాసి ఉందో చదవండి. అనుమతి వచ్చేదాకా డబ్బు ముట్టకుండా రాయండి.

2012లో కాపీరైట్ చట్టానికి వచ్చిన సవరణ రచయితలకి చాలా మేలు చేసింది. సినిమా హాల్లో సినిమాతో కలిపి ప్రదర్శించడం కాక, పాటని ఇంకెక్కడ వాడుకున్నా వచ్చే రాయల్టీలో రచయితకి సమాన వాటా ఉంది. ఆ వాటా వదులుకుంటున్నానని సంతకం పెట్టించుకున్నా చెల్లదు. వారసులకో, కాపీరైట్ సొసైటీకో తప్ప దాన్ని ఇంకొకరికి రాసివ్వలేం. ఒప్పందంలో ఎన్నేళ్లకో రాయకపోతే ఐదేళ్లకే అని, ఏ దేశాలకో రాయకపోతే భారతదేశానికే అని చట్టం చెబుతుంది. అందుకే వాళ్లు ఇచ్చే కాగితంలో 'శాశ్వతంగా, ప్రపంచమంతటా' అని ఉంటుంది. ఆ మాటల దగ్గర ఆగి మాట్లాడండి. మన పాట మీద హక్కు మనం పోయాక కూడా అరవై ఏళ్లు ఉంటుంది, పిల్లలకి అదీ ఒక ఆస్తే. మొదటి పాట విడుదల కాగానే ఐపీఆర్ఎస్‌లో సభ్యత్వం తీసుకోండి. 1969 నుంచి ఉన్న సంస్థ, రచయితలకి, సంగీత దర్శకులకి, మ్యూజిక్ కంపెనీలకి రాయల్టీ వసూలు చేసి పంచుతుంది. ప్రతి పాటనీ మీ పేరు మీద నమోదు చేయించాలి, అది మనం అడిగి చేయించుకోవలసిందే.

నా మూడో పాటకి ఒక నిర్మాణ సంస్థ సగం అడ్వాన్స్ ఇచ్చి, మిగతాది విడుదలయ్యాక అంది. విడుదలైంది, మిగతాది ఇవాళ్టికీ రాలేదు. నా దగ్గర కాగితం లేదు, వాట్సాప్‌లో "తప్పకుండా సార్" అన్న మెసేజ్ ఒకటే ఉంది. అప్పటి నుంచి ఒక పేజీ ఒప్పందం లేకుండా ఫైనల్ వెర్షన్ పంపను. కొత్తలో ఇలా అడిగితే అవకాశం పోతుందేమో అని భయం వేస్తుంది. నాకు రెండు పోయాయి. మిగిలినవాళ్లు సంతకం పెట్టారు.

పన్ను గురించి ఒక్క మాట. వృత్తి నిపుణులకి ఉన్న సులభ పద్ధతిలో సినిమా పాటల రచయితలూ వస్తారు. వచ్చిన మొత్తంలో సగాన్ని ఆదాయంగా చూపించి పన్ను కట్టవచ్చు, లెక్కల పుస్తకాల బాధ ఉండదు. ఏటా పరిమితి ఉంది, మీ ఆడిటర్‌ని అడిగి చేయండి.

ఇక ఆ సంగీత దర్శకుడి సంగతి. "ఇంకా రాయండి" అన్నారు కదా, ఆయన్ని అవకాశం అడగకండి, ఒక బాణీ అడగండి. ఇవ్వకపోయినా పోయేదేం లేదు. ఇస్తే మూడు రోజుల్లో రెండు రకాలుగా పల్లవి రాసి పంపండి, ఒకటి సులువైన మాటలతో, ఒకటి మీకు నచ్చినట్టు. ఏది తీసుకున్నారో, ఏ మాట దగ్గర ఆగారో చూడండి.

ఇంటి లోన్ వడ్డీ ఎంత, నెల ఖర్చు సుమారుగా ఎంత, పెద్దపిల్ల ఏ క్లాసు అనేది ఇక్కడ రాస్తే 36 నెలల లెక్క నేనే వేసి పెడతాను. బాణీకి రాసిన పాట ఒకటి ఉంటే మీ గొంతుతోనే రికార్డు చేసి పెట్టండి, విని ఎక్కడెక్కడ నోరు మూసుకుపోతోందో చెబుతాను.